ఇంట గెలిచారు, మరి రచ్చ?

సిడ్నీ నుంచి మాంచెస్టర్‌కు దాదాపు 17,000 కిలోమీటర్లు. అంత దూరం విమానంలో వెళ్లి, ఎనభై నిమిషాలు ఒళ్లు హూనం చేసుకుని ఆడి, గెలిచినా ఓడినా మళ్లీ విమానం ఎక్కి వచ్చేసే పోటీ ఒకటుంది. దాని పేరు వరల్డ్ క్లబ్ చాలెంజ్. ఆట రగ్బీ లీగ్. ఒకవైపు ఆస్ట్రేలియా లీగ్ అయిన ఎన్‌ఆర్‌ఎల్ విజేత, మరోవైపు ఇంగ్లండ్ లీగ్ అయిన సూపర్ లీగ్ విజేత. ఒక్కటే మ్యాచ్. గెలిచిన క్లబ్బుకు ప్రపంచ విజేత అనే పేరు. ఇంట గెలిచి రచ్చ గెలవమని మన పెద్దలు చెప్పిన మాటకు ఇంతకంటే సరిగ్గా అతికే పోటీ మరొకటి నాకు కనిపించలేదు. చరిత్ర తిరగేస్తే ఎన్ని విశేషాలో.

కూలి గొడవలోంచి పుట్టిన ఆట

రగ్బీ అంటే ఒకటే ఆట అని మనలో చాలామంది అనుకుంటాం. నిజానికి రెండున్నాయి. పదిహేను మంది ఆడేది రగ్బీ యూనియన్, పదమూడు మంది ఆడేది రగ్బీ లీగ్. ఈ చీలిక 1895 ఆగస్టు 29న, ఇంగ్లండ్ ఉత్తరాన హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జ్ హోటల్లో జరిగింది. అక్కడి జట్లలో ఆడేవాళ్లు బొగ్గు గనుల్లో, బట్టల మిల్లుల్లో పనిచేసేవాళ్లు. శనివారం ఆటకు వెళ్తే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలి డబ్బైనా ఇవ్వనివ్వండి అని ఉత్తరాది క్లబ్బులు అడిగాయి. ఆట కోసం డబ్బు ముట్టుకోవడం తప్పన్నారు దక్షిణాది పెద్దలు. దాంతో ఇరవైకి పైగా క్లబ్బులు బయటికొచ్చి సొంత కుంపటి పెట్టుకున్నాయి. ఆటకు వెళ్లే మనిషి ఇంట్లో పొయ్యి కూడా వెలగాలి కదా అన్న న్యాయమైన వాదనలోంచి పుట్టిన ఆట ఇది. దీని మీద నాకున్న గౌరవానికి మొదటి కారణం అదే.

కబడ్డీ చూసిన కళ్లకు ఈ ఆట తేలిగ్గానే అర్థమవుతుంది. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తాలి, ఎదుటివాళ్లు నడుం పట్టి, కాళ్లు పట్టి పడేస్తారు. కబడ్డీలో పట్టుబడితే కూతకెళ్లినవాడు అవుట్. ఇక్కడ పట్టుబడ్డవాడు లేచి, బంతిని నేల మీద పెట్టి, కాలితో వెనక్కి నెట్టి తనవాళ్లకే ఇస్తాడు. అలా ఆరుసార్లు పట్టుబడేదాకా బంతి వాళ్లదే, ఆ తర్వాత ఎదుటి జట్టుకు. బంతిని అవతలి గీత దాటించి నేలకు ఆనిస్తే ట్రై, 4 పాయింట్లు. తర్వాత కొట్టే కన్వర్షన్‌కు 2, పెనాల్టీ గోల్‌కు 2. ఆట మధ్యలో బంతిని నేల మీద పడేసి, లేస్తుండగా గోలు కర్రల మధ్య నుంచి తన్నితే డ్రాప్ గోల్, 1 పాయింటు. ఈ ఒక్క పాయింటును గుర్తుపెట్టుకోండి, దానితో పని ఉంది.

మొదటి మ్యాచ్ సిడ్నీలో

ఈ పోరు 1976 జూన్ 29న మొదలైంది. ఇంగ్లండ్ నుంచి సెయింట్ హెలెన్స్ జట్టు సిడ్నీ క్రికెట్ గ్రౌండ్‌కు వచ్చి ఈస్టర్న్ సబర్బ్స్‌తో ఆడింది. 25–2తో సిడ్నీవాళ్లు గెలిచారు. ఆ జట్టే తర్వాత పేరు మార్చుకుని సిడ్నీ రూస్టర్స్ అయింది. 2003లో ఇవే రెండు క్లబ్బులు ఇంగ్లండ్‌లో ఎదురుపడ్డాయి, రూస్టర్స్ 38–0తో గెలిచింది. 2020లో మూడోసారి తలపడితే 20–12తో మళ్లీ రూస్టర్సే. నలభై నాలుగేళ్లలో మూడు పోరాటాలు, మూడింట్లోనూ ఫలితం ఒకటే.

38–0 అన్న అంకె రూస్టర్స్‌కు బాగా అచ్చొచ్చినట్టుంది. 1975లో ఈస్టర్న్ సబర్బ్స్‌గా సెయింట్ జార్జ్ మీద గ్రాండ్ ఫైనల్ గెలిచింది కూడా సరిగ్గా 38–0తోనే. 1976 మ్యాచ్ ఆడే అర్హత తెచ్చిపెట్టిన గెలుపు అదే.

ఒక్క ట్రై లేదు, ఊరంతా పండగ

1987 అక్టోబరు 7. ఇంగ్లండ్‌లోని విగన్ పట్టణం, సెంట్రల్ పార్క్ మైదానం. జార్జ్ ఆర్వెల్ 1937 నాటి తన పుస్తకం పేరులోకి ఎక్కించిన ఊరు ఇదే. అప్పటి బొగ్గు గనుల ఊరు. ఆస్ట్రేలియా విజేత మ్యాన్లీ తన గ్రాండ్ ఫైనల్ గెలిచిన పది రోజులకే ఇక్కడ దిగింది. అధికారిక లెక్క ప్రకారం ప్రేక్షకులు 36,895 మంది. ఎనభై నిమిషాల్లో రెండు జట్లూ కలిపి ఒక్క ట్రై కూడా చేయలేకపోయాయి. విగన్ ఆటగాడు డేవిడ్ స్టీఫెన్‌సన్ నాలుగు పెనాల్టీలు కొట్టాడు, మ్యాన్లీకి ఒకటి దక్కింది. 8–2. అంకెలు చూస్తే చప్పగా అనిపిస్తుంది గాని, ట్రైలు లేని మ్యాచ్‌లను ఇంత ప్రేమగా గుర్తుపెట్టుకోవడం ఈ ఆటలో అరుదు. ఎనభై నిమిషాలూ ఎవరి గీతను వాళ్లు ప్రాణం పెట్టి కాపాడుకున్న పోరాటం అది.

ఆ రోజు మ్యాన్లీ కోచ్ బాబ్ ఫుల్టన్. ఆస్ట్రేలియా ఆటకు మహానుభావుడిలాంటివాడు. ఆయన పుట్టిందేమో విగన్‌కు దగ్గర్లోని వారింగ్టన్‌లో. చిన్నప్పుడే కుటుంబం ఆస్ట్రేలియా వెళ్లిపోయింది. అంటే ఆ రాత్రి ఆయన ఓడింది పుట్టినింటి పక్కవీధిలో అన్నమాట.

సెంట్రల్ పార్క్ ఇప్పుడు లేదు. 1999 దాకా విగన్ అక్కడ ఆడింది, తర్వాత ఆ స్థలంలో సూపర్ మార్కెట్ వచ్చింది.

విడ్నెస్ ఒక రాత్రి

1989లో ఇంగ్లండ్ తరఫున వచ్చిన విడ్నెస్ రసాయన కర్మాగారాల చిన్న పట్టణం. ఎదురుగా ఆస్ట్రేలియా రాజధాని జట్టు కాన్‌బెర్రా రైడర్స్, దానికి కెప్టెన్ కొండలాంటి మల్ మెనింగా. వేదిక ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ వాళ్ల ఓల్డ్ ట్రాఫర్డ్. మొదట్లోనే కాన్‌బెర్రా 12–0తో ముందుకెళ్లింది. చివరికి విడ్నెస్ 30–18తో గెలిచింది. మెరుపులా పరిగెత్తే మార్టిన్ ఒఫయా రెండు ట్రైలు చేశాడు. అదే జట్టులో జొనాథన్ డేవిస్ ఉన్నాడు. వేల్స్ రగ్బీ యూనియన్‌లో వెలిగి, ఆ ఏడాది మొదట్లోనే డబ్బు కోసం లీగ్‌కు మారాడు. ఆ రోజుల్లో అలా మారితే యూనియన్ తలుపులు మూసుకున్నట్టే, 1995 దాకా అదే పరిస్థితి. ఇల్లు గడవడానికి ఆట మారిన మనిషిని వెలివేయడం ఎంత అన్యాయమో 1895లో అడిగినవాళ్లకు జవాబు రావడానికి వందేళ్లు పట్టింది.

విడ్నెస్‌కు మళ్లీ ఆ వైభవం రాలేదు. 1996లో సూపర్ లీగ్ మొదలైనప్పుడు అందులో చోటు కూడా దక్కలేదు.

పరాయి గడ్డ మీద తొలి గెలుపులు

1992 అక్టోబరులో బ్రిస్బేన్ బ్రాంకోస్ సెంట్రల్ పార్క్‌లోనే విగన్‌ను 22–8తో ఓడించింది. ఈ పోటీని ఇంగ్లండ్ నేల మీద గెలిచిన తొలి ఆస్ట్రేలియా జట్టు అదే.

విగన్ ఆ బాకీ 1994 జూన్ 1న తీర్చుకుంది, అదీ బ్రిస్బేన్‌లో. సుదీర్ఘమైన సీజన్ ముగించి అలసిపోయిన జట్టు. కొద్ది రోజుల ముందే కోచ్‌ను కూడా మార్చుకుంది. ప్రేక్షకులు 54,220 మంది. అందులో విగన్ వైపు అరిచినవాళ్లు ఎందరుంటారో ఊహించుకోండి. 20–14తో విగన్ గెలిచింది. ఆస్ట్రేలియాలో ఈ పోటీ గెలిచిన రెండో ఇంగ్లండ్ జట్టు కోసం ఆ తర్వాత 29 ఏళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది. ఈ పోటీ మొత్తంలో అన్నిటికన్నా బరువైన గెలుపు ఏదని అడిగితే నేను 1994నే చెప్తాను.

ఇరవై రెండు జట్ల మహా ప్రయోగం

ఇప్పుడు కాస్త ఆగి చెప్పాల్సిన కథ. 1995 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ రెండుగా చీలింది. టెలివిజన్ ప్రసార హక్కుల కోసం రూపర్ట్ మర్డోక్ సంస్థ సొంతంగా సూపర్ లీగ్ పెట్టి, పాత లీగ్‌లోని క్లబ్బులను, ఆటగాళ్లను పెద్ద మొత్తాలతో తనవైపు లాక్కుంది. పాత లీగ్ వెనక కెర్రీ ప్యాకర్ నిలబడ్డాడు. క్రికెట్ అభిమానులకు ఈ పేరు కొత్త కాదు. 1977లో క్రికెట్‌ను ఇలాగే చీల్చినవాడు ఆయనే. ఈసారి మాత్రం పాతవాళ్ల పక్షాన ఉన్నాడు. కోర్టుల్లో ఏడాదికి పైగా నలిగాక 1997లో ఆస్ట్రేలియాలో రెండు లీగులు పక్కపక్కనే నడిచాయి. ఒకదాంట్లో పన్నెండు జట్లు, మర్డోక్ దాంట్లో పది.

మర్డోక్ పెట్టుబడితోనే ఇంగ్లండ్ ఆట కూడా 1996లో చలికాలం నుంచి వేసవికి మారింది. అక్కడి సూపర్ లీగ్‌లో పన్నెండు జట్లు. ఈ పదీ ఆ పన్నెండూ కలిపి 1997లో వరల్డ్ క్లబ్ చాంపియన్‌షిప్ పెట్టారు. ఒక మ్యాచ్‌తో తేలే పోటీ 22 జట్ల జాతర అయింది. పారిస్, లండన్, ఆక్లండ్, అడిలైడ్, పెర్త్ లాంటి చోట్లకు కూడా ఆట వెళ్లింది. ప్రతి జట్టూ సొంతగడ్డ మీద కొన్ని, సముద్రాలు దాటి కొన్ని మ్యాచ్‌లు ఆడాలి. కాగితం మీద ఎంతో అందమైన ఆలోచన.

మైదానంలో యూరప్ జట్లు దారుణంగా దెబ్బతిన్నాయి. ఆ ఏడాది ఇంగ్లండ్ లీగ్‌ను ఏకపక్షంగా గెలిచిన బ్రాడ్‌ఫర్డ్ కూడా దక్షిణార్ధగోళం జట్ల ముందు నిలవలేకపోయింది. లండన్ బ్రాంకోస్ సొంతగడ్డపై కాన్‌బెర్రాను ఓడించడం లాంటి మెరుపులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మాత్రమే. ముందే ఫలితం తెలిసిపోయే మ్యాచ్‌లకు జనం రావడం తగ్గింది.

ఆ పోటీలో నన్ను కదిలించిన జట్టు మాత్రం హంటర్ మెరైనర్స్. ఆస్ట్రేలియాలో న్యూకాజిల్ అనే బొగ్గు రేవు పట్టణం ఉంది. ఆ ఊరి ముద్దుబిడ్డ న్యూకాజిల్ నైట్స్. నైట్స్ పాత లీగ్‌తోనే ఉండిపోయింది. దాంతో కొత్త లీగ్‌వాళ్లు అదే ఊళ్లో మెరైనర్స్‌ను నిలబెట్టారు. ఊరు ఆ జట్టును తనది అనుకోలేదు. 1997 సెప్టెంబరు 28న నైట్స్ ఆఖరి క్షణాల్లో చేసిన ట్రైతో మ్యాన్లీని ఓడించి పాత లీగ్‌ను తొలిసారి గెలిచింది. ఊరంతా వీధుల్లోకి వచ్చింది. మూడు వారాలు తిరక్కుండానే, అక్టోబరు 17న, అదే ఊరి రెండో జట్టు మెరైనర్స్ ప్రపంచ పోటీ ఫైనల్ ఆడింది. ఆక్లండ్‌లో జరిగిన ఆ మ్యాచ్‌లో బ్రిస్బేన్ 36–12తో గెలిచింది. మెరైనర్స్ ఆడిన ఆఖరి మ్యాచ్ అదే. రెండు లీగులూ రాజీపడి 1998లో ఎన్‌ఆర్‌ఎల్‌గా కలిసిపోయేసరికి మెరైనర్స్ లేదు. ఒకే ఒక్క సీజన్ బతికి, ప్రపంచ ఫైనల్ ఆడి, కనుమరుగైన జట్టు. పెర్త్, పారిస్ జట్లు కూడా ఆ ఏడాదితోనే ముగిశాయి. ఆ ఆటగాళ్ల చెమటలో లోపమేమీ లేదు. లోపం వ్యాపారుల లెక్కల్లో ఉంది.

ఆ తర్వాత ఎవరూ 22 జట్ల మాట ఎత్తలేదు. రెండేళ్లు పోటీయే జరగలేదు. 2000 జనవరిలో మళ్లీ ఒక్క మ్యాచ్‌గా మొదలైతే, మెల్‌బోర్న్ స్టార్మ్ 44–6తో సెయింట్ హెలెన్స్‌ను చిత్తు చేసింది.

ఏడు పాయింట్లు, మూడు కిరీటాలు

సెయింట్ హెలెన్స్ అంటే గాజు ఫ్యాక్టరీల ఊరు. ఆ క్లబ్ లెక్కలు వేసి చూస్తే ఒక వింత కనిపించింది. 2001లో బ్రిస్బేన్ మీద 20–18, 2007లో మళ్లీ బ్రిస్బేన్ మీద 18–14, 2023లో పెన్రిత్ మీద 13–12. మూడు గెలుపుల్లోనూ తేడాలు కూడితే ఏడు పాయింట్లే. 1997ను పక్కనపెడితే, ఓడిన ఐదు మ్యాచ్‌లు చూడండి. 1976లో 23, 2000లో 38, 2003లో 38, 2015లో సౌత్ సిడ్నీ చేతిలో 39, 2020లో 8. మొత్తం 146 పాయింట్లు. ఓడితే కుప్పకూలేంత, గెలిస్తే గింజంత తేడా. ఆ గింజంత తేడా కోసం చివరి నిమిషం దాకా కొట్లాడే గుణం ఈ జట్టుది.

2001 మ్యాచ్ బోల్టన్‌లో గడ్డకట్టే జనవరి రాత్రి, వడగళ్ల మధ్య జరిగింది. ఎండలో పెరిగిన బ్రిస్బేన్ ఆటగాళ్లు ఎలా వణికారో చెప్పనక్కర్లేదు. సెయింట్ హెలెన్స్‌ను ఒడ్డున పడేసింది ఒకటీ ఒకటీగా వచ్చిన డ్రాప్ గోల్ పాయింట్లు.

2023 ఫిబ్రవరి 18 మ్యాచ్ మరీ ఉత్కంఠ. సిడ్నీకి పడమట, బ్లూ మౌంటెన్స్ పాదాల దగ్గరి పెన్రిత్ మైదానం. సెయింట్ హెలెన్స్ 12–6తో ముందుంది. ఆఖరి నిమిషాల్లో పెన్రిత్ ట్రై చేసింది. పక్క గీత దగ్గర్నుంచి నేథన్ క్లియరీ కన్వర్షన్ కొట్టి 12–12 చేశాడు. అదనపు సమయం. ముందు ఎవరు పాయింటు సాధిస్తే వాళ్లదే గెలుపు. ఇరవై ఒక్కేళ్ల లూయిస్ డాడ్ డ్రాప్ గోల్ కొట్టాడు. పైన గుర్తుపెట్టుకోమన్న ఒక్క పాయింటు ఇదే. 1994 విగన్ తర్వాత ఆస్ట్రేలియా నేల మీద ఇంగ్లండ్ జట్టు ఎత్తిన కప్పు అది.

చిన్న చిన్న సంగతులు కొన్ని

వేన్ బెనెట్ అనే కోచ్ ఈ పోటీ విజేత పట్టాన్ని మూడుసార్లు అందుకున్నాడు. 1992, 1997లో బ్రిస్బేన్‌తో, 2011లో సెయింట్ జార్జ్ ఇల్లవారాతో. ఓడింది కూడా మూడుసార్లే, 1994, 2001, 2007ల్లో. ఓటములన్నీ బ్రిస్బేన్‌తోనే.

1991లో పెన్రిత్‌ను 21–4తో ఓడించిన విగన్ కోచ్ జాన్ మోనీ ఆస్ట్రేలియా వాడే. ఆ మ్యాచ్ జరిగింది లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో.

2010లో లీడ్స్ మీద 18–10తో మెల్‌బోర్న్ గెలిచింది. రెండు నెలలు తిరక్కముందే, ఆటగాళ్ల జీతాలకు పెట్టిన గరిష్ఠ పరిమితిని ఆ క్లబ్ ఏళ్ల తరబడి దొంగచాటుగా దాటిందని బయటపడింది. 2007, 2009 లీగ్ టైటిళ్లతో పాటు ఈ కప్పు కూడా వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. సరైన తీర్పే.

2015లో ఒక్క మ్యాచ్ చాలదని మూడేసి జట్లతో వరల్డ్ క్లబ్ సిరీస్ అన్నారు. 2017లో రెండేసి జట్లకు తగ్గించారు. ఆ ఏడు ఇంగ్లండ్ జట్లు విగన్, వారింగ్టన్ రెండూ గెలిచాయి. ఆ తర్వాత ఆ సిరీస్‌ను ఆపేశారు.

2024 పోటీ ముగిసేనాటికి అత్యధికంగా ఐదేసి కిరీటాలు ఇద్దరివి: విగన్ (1987, 1991, 1994, 2017, 2024), రూస్టర్స్ (1976, 2003, 2014, 2019, 2020).

మూడుకు మూడు, నాలుగుకు సున్నా

బ్రాడ్‌ఫర్డ్ బుల్స్ ఈ ఒక్క మ్యాచ్ పోటీని మూడుసార్లు ఆడింది. 2002లో న్యూకాజిల్ మీద 41–26, 2004లో పెన్రిత్ మీద 22–4, 2006లో వెస్ట్స్ టైగర్స్ మీద 30–10. మూడూ గెలుపులే. అంతటి క్లబ్ అప్పుల్లో మునిగి 2017 జనవరిలో మూతపడింది, ఆ తర్వాత కొత్త యాజమాన్యం కింద మళ్లీ మొదలైంది.

పెన్రిత్ పాంథర్స్ కథ దీనికి తలకిందులు. 2021 నుంచి 2024 దాకా వరుసగా నాలుగేళ్లు ఎన్‌ఆర్‌ఎల్ గెలిచింది. ఆ నాలుగేళ్లలో అంతటి బలమైన జట్టు మరొకటి లేదని ఇంగ్లండ్ వాళ్లు కూడా ఒప్పుకుంటారు. అయినా 1991లో విగన్ చేతిలో, 2004లో బ్రాడ్‌ఫర్డ్ చేతిలో, 2023లో సెయింట్ హెలెన్స్ చేతిలో, 2024 ఫిబ్రవరిలో 16–12తో మళ్లీ విగన్ చేతిలో ఓడింది. 2022లో కోవిడ్ వల్ల పోటీ జరగలేదు, 2025లోనూ జరగలేదు. ఇంట గెలవడంలో ఎదురులేని జట్టుకు, రచ్చ ఒకసారి ఇంటికే నడిచొచ్చినా చిక్కలేదు.

ఇందుకు ఒక కారణం తేదీల్లోనే ఉంది. ఈ మ్యాచ్ ఎక్కువగా జనవరి, ఫిబ్రవరిల్లో పడుతుంది. ఆస్ట్రేలియా జట్లకు అది సెలవులు ముగిసి ఒళ్లు వంచడం మొదలుపెట్టే సమయం. వాళ్ల అసలు సీజన్ మార్చిలో. అలాగని పెన్రిత్ ఓటములను సాధన మ్యాచ్ ఓటములుగా తీసిపారేయడం నాకు నచ్చదు. సెయింట్ హెలెన్స్ 2023లో అంత దూరం వెళ్లి, ఫిబ్రవరి ఎండలో అక్కడివాళ్ల గడ్డ మీదే గెలిచింది. అన్నిటికన్నా పెద్ద అన్యాయం దూరం పంచుకోకపోవడం. 2024 దాకా చూస్తే, 1997ను పక్కనపెడితే, ఈ పోటీ ఆస్ట్రేలియాలో జరిగింది ఐదుసార్లే: 1976, 1994, 2014, 2018, 2023. మిగతావన్నీ ఇంగ్లండ్‌లోనే. ఒక ఏడాది ఇక్కడ, ఒక ఏడాది అక్కడ, ఏ ఏడూ తప్పకుండా ఆడించాలి.

సిడ్నీ పడమటి శివార్లలో ఇప్పుడు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మీ వాళ్లెవరైనా అక్కడుంటే, ఈసారి ఫోన్ చేసినప్పుడు పెన్రిత్ పాంథర్స్ ఆటకు ఒకసారి వెళ్లిరమ్మని చెప్పండి. ఆరో పట్టు దాకా చూసి, ఎలా ఉందో మీకు చెప్పమనండి.